సిమ్యులేటర్‌లో కంట్రోలర్‌తో నోరు విప్పి మాట్లాడాలంటే: ఏ వాయిస్ ఏటీసీ ఎవరికి?

రాత్రి పదకొండున్నర. హెడ్‌సెట్ పెట్టుకుని, తలుపు దగ్గరగా వేసుకుని, కంప్యూటర్‌లో విమానం నడిపే సిమ్యులేటర్ తెరిచి, శంషాబాద్‌లో రన్‌వే 09 కుడి చివర విమానాన్ని నిలబెట్టి "రెడీ ఫర్ డిపార్చర్" అన్నాను. జవాబుగా "సే అగైన్" అని వినపడింది. మళ్ళీ చెప్పాను. మళ్ళీ "సే అగైన్". మూడోసారి గొంతు పెంచాను. కంట్రోలర్ కంటే ముందు పక్క గదిలోంచి మా అమ్మ పలికింది: "ఎవరితోరా ఈ వేళప్పుడు గొడవ?"

నా మాట విని కంట్రోలర్‌లా జవాబిచ్చే ఆ ప్రోగ్రాంని తీసేసి ఇంకోటి కొన్నాను. అదీ అంతే. మూడో రోజుకి అసలు సంగతి తెలిసింది. కంప్యూటర్ నా హెడ్‌సెట్ మైకుని వదిలేసి వెబ్‌క్యామ్ మైకుతో వింటోంది. ఆ వెబ్‌క్యామ్‌కి నా గొంతు కంటే సీలింగ్ ఫ్యానే బాగా వినపడుతుంది. తప్పు నాదే, డబ్బులూ నావే.

అప్పటినుంచి సిమ్‌లో మాట్లాడే ఏటీసీ (విమానాలకి రేడియోలో దారి చెప్పే కంట్రోలర్ల వ్యవస్థ) గురించి ఎవరు అడిగినా ప్రశ్న మాత్రం ఒకటే: "మన ఇంగ్లిష్‌ని ఏది బాగా అర్థం చేసుకుంటుంది?" న్యాయమైన ప్రశ్నే. కానీ కొనేముందు దానికంటే ముందు అడగాల్సింది వేరే ఉంది: నేను తప్పు మాట్లాడితే ఏది పట్టుకుంటుంది? ఈ రెండూ చాలాసార్లు ఒకే ప్రోగ్రాంలో దొరకవు. ఎంచుకోవడంలో ఉన్న తంటా అంతా అక్కడే.

సిమ్‌తో ఉచితంగా వచ్చేది

మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020లో, 2024లో, ఎక్స్-ప్లేన్ 12లో కూడా ఏటీసీ సిమ్‌తోపాటే వస్తుంది. నోరుంది, చెవులే లేవు. తెరమీద మెనూ వస్తుంది. టాక్సీకి (నేల మీద విమానం కదలడానికి) ఒక వరస, టేకాఫ్‌కి ఒక వరస. మీరు ఎంచుకోగానే మీ తరఫున సిమ్మే ఒక గొంతుతో మాట్లాడేస్తుంది. హోటల్లో మెనూ కార్డు మీద వేలు పెట్టి చూపించినట్టు. పేరు పలకడం రాకపోయినా దోసె వస్తుంది.

దీనికి చెవులు తగిలించాలంటే చవకైన దారి వాయిస్‌అటాక్. మీరు అన్న మాటని కీబోర్డు మీటగా మార్చే ప్రోగ్రాం ఇది. ఉచిత ట్రయల్‌లో ఒక ప్రొఫైల్, 20 కమాండ్లు పెట్టుకోవచ్చు. "గేర్ డౌన్", "ఫ్లాప్స్ టూ" లాంటివాటికి ఇది హాయిగా పనిచేస్తుంది. నేను ఇప్పటికీ వాటికే వాడతాను. ఏటీసీకి వచ్చేసరికి మాత్రం దీనికి మాట అర్థం అక్కర్లేదు, ఏ మాటకి ఏ మీట కట్టారన్నదే లెక్క. మీరు "పులిహోర" అనే మాటకి 1 అంకె కట్టి ఉంటే, పులిహోర అన్నా టేకాఫ్ క్లియరెన్స్ (అనుమతి) వచ్చేస్తుంది. పైగా మెనూలో అంకెలు సందర్భాన్ని బట్టి మారిపోతుంటాయి. మల్టీ క్రూ ఎక్స్‌పీరియన్స్ అనే ప్రోగ్రాం దీనికంటే ఒక మెట్టు పైన ఉంటుంది. సిమ్ సొంత ఏటీసీతోనూ, పాతకాలపు మెనూ ఏటీసీ ప్రోగ్రాంలతోనూ నోటితో వ్యవహారం నడుపుతుంది, మాట వినే కోపైలట్‌ని కూడా ఇస్తుంది. రేడియో మీద కంటే కాక్‌పిట్ పనుల మీద ఆసక్తి ఉన్నవాళ్ళు దాన్ని చూడొచ్చు.

వీటిల్లో రీడ్‌బ్యాక్ (కంట్రోలర్ ఇచ్చిన సూచనని పైలట్ తిరిగి చెప్పడం) మీరు చెప్పక్కర్లేదు, సిమ్మే తప్పు లేకుండా చెప్పేస్తుంది. పదేళ్ళ పిల్లాడు సరదాగా విమానం నడుపుతుంటే ఇది చాలు. వాడికోసం నెలనెలా డాలర్లు కట్టక్కర్లేదు.

రెండు రకాల చెవులు

నిజంగా వినే ప్రోగ్రాంలలో రెండు జాతులున్నాయి.

మొదటిది పాత ఆఫీసు గుమస్తా లాంటిది. దరఖాస్తు సరైన నమూనాలో ఉంటేనే తీసుకుంటుంది. ఈ క్షణంలో మీరు ఏమేం అనే అవకాశం ఉందో ప్రోగ్రాం ముందే ఒక జాబితా వేసుకుని, మాటలు గుర్తుపట్టే ఇంజిన్‌కి దాన్ని ఇస్తుంది. విమానయానం దీనికి భలే అనువైన రంగం, ఎందుకంటే రేడియోలో అనడానికి కుదిరేవి నిజంగానే కొన్నే. స్క్వాక్ కోడ్ (రాడార్‌లో విమానాన్ని గుర్తుపట్టే నంబరు) నాలుగంకెలు, అవీ 0 నుంచి 7 వరకే, మొత్తం కలిపితే 4,096 కోడ్లు. అందులో ఎనిమిదీ తొమ్మిదీ ఉండవని ఇంజిన్‌కి ముందే తెలుసు కాబట్టి పొరబడే అవకాశం తగ్గుతుంది. హెడింగ్ (విమానం వెళ్ళే దిక్కు, డిగ్రీల్లో) 360 దాటదు. రేడియో ఫ్రీక్వెన్సీలు 118కీ 137 మెగాహెర్ట్జ్‌కీ మధ్యే. ఇంత ఇరుకు గదిలో వెతుక్కుంటుంది కాబట్టే పాత ఇంజిన్లు కూడా బండి లాగేస్తాయి. కానీ మీరు "ఆఁ... అంటే... వన్ మినిట్ సర్" అన్నారో, జాబితాలో లేని మాట కాబట్టి మళ్ళీ "సే అగైన్".

రెండోది మాటకారి చుట్టం. మీరు ఎలా అన్నా ఓహో అంటుంది. ముందు మీ మాటనంతా అక్షరాల్లోకి మార్చి, ఆ తర్వాత దాని భావం ఏమిటో చూస్తుంది. ఓపెన్‌ఏఐ సంస్థ 2022 సెప్టెంబరులో విస్పర్ అనే మోడల్‌ని అందరికీ ఉచితంగా వదిలింది. దాన్ని 6,80,000 గంటల ఆడియోతో తయారుచేశారు. ఈ తరహా ఇంజిన్లకి రకరకాల యాసలు అలవాటే, మన యాసకి బెదరవు. ఒక తమాషా జబ్బు మాత్రం ఉంది. నిశ్శబ్దాన్నో, ఫ్యాను రొదనో వినిపిస్తే, ఎవరూ అనని మాటల్ని పుట్టించగలవు. బటన్ నొక్కి, ఏం చెప్పాలో ఆలోచిస్తూ నాలుగు సెకన్లు ఊరుకున్నారంటే మీ తరఫున మరెవరో మాట్లాడినట్టు అవుతుంది.

గుమస్తా తరహా

ఈ వర్గంలో ఈనాటికీ చెప్పుకోదగ్గది పైలట్2ఏటీసీ. విండోస్‌లో ఉండే పాత స్పీచ్ రికగ్నిషన్ మీద నడుస్తుంది. ఎఫ్ఎస్ఎక్స్, ప్రిపేర్3డీ, ఎక్స్-ప్లేన్, మైక్రోసాఫ్ట్ కొత్త సిమ్‌లు, అన్నిటితోనూ కలుస్తుంది. ఫ్లైట్ ప్లాను వేసుకోవచ్చు, మ్యాపు కదులుతూ కనిపిస్తుంది, ఐఎఫ్ఆర్ (పరికరాల ఆధారంగా ఎగరడం), వీఎఫ్ఆర్ (కళ్ళతో బయట చూస్తూ ఎగరడం) రెండూ ఉన్నాయి. ఒకసారి కొంటే నెలవారీ చందా లేదు. పది రోజుల ట్రయల్ ఉంది. చూపులకి మాత్రం రైల్వే రిజర్వేషన్ కౌంటర్లో కంప్యూటర్ తెరలా ఉంటుంది, అందం ఆశించకండి.

దీన్లో నాకు నచ్చింది "సే ఇట్" అనే బటన్. ఏం చెప్పాలో మీకు తట్టనప్పుడు, ఆ మాటని అదే పలుకుతుంది. నేను మొదటి వారం అంతా ఆ బటన్ నొక్కి, విని, మళ్ళీ నా నోటితో అని చూసుకున్నాను. ఒకటో తరగతిలో టీచరు చెబితే మనం అన్నట్టు. రెండో వారానికి బటన్ అవసరం సగానికి సగం తగ్గింది.

ఇబ్బందులూ ఉన్నాయి. ఆ ఇంజిన్ మీ గొంతుకి అలవాటు పడాలి. కంట్రోల్ ప్యానెల్‌లో స్పీచ్ రికగ్నిషన్ కింద ట్రెయినింగ్ ఉంటుంది, అది చూపించే వాక్యాలు ఓపిగ్గా చదవాలి. ఒకసారి చదివి వదిలేయకుండా, రెండు మూడు సార్లు చదివితేనే తేడా తెలుస్తుంది. విండోస్ స్పీచ్ రికగ్నిషన్‌లో అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా ఇంగ్లిష్‌లతో పాటు ఇండియా ఇంగ్లిష్ కూడా ఉంది. మీ గొంతుకి ఏది కుదురుతుందో ట్రయల్ రోజుల్లోనే మార్చి మార్చి చూసుకోండి. ఇంకో మాట: విండోస్ 11లో ఈ పాత స్పీచ్ రికగ్నిషన్ స్థానంలోకి 2024 సెప్టెంబరు నుంచి వాయిస్ యాక్సెస్‌ని తెచ్చారు. అంటే పాత ఇంజిన్ ఇకమీద పెద్దగా బాగుపడదన్నమాట. ఈరోజు ఎలా పనిచేస్తుందో అంతే అనుకుని కొనాలి.

వాక్స్ఏటీసీ గురించి పాతకాపులు చెబుతుంటారు. ఎఫ్ఎస్ఎక్స్, ప్రిపేర్3డీ రోజుల్లో మంచి పేరే. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నేను చెప్పను.

చుట్టం తరహా

ఇక్కడ ప్రధానంగా రెండు పేర్లు వినపడుతున్నాయి: బియాండ్ఏటీసీ, సేఇంటెన్షన్స్.

బియాండ్ఏటీసీ మైక్రోసాఫ్ట్ సిమ్ కోసం 2024లో ముందస్తు వెర్షన్‌గా బయటికొచ్చింది. మొదట ఐఎఫ్ఆర్ ఫ్లైట్లనే లక్ష్యంగా పెట్టుకుంది. సింబ్రీఫ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా ఫ్లైట్ ప్లాను వేసి దీనికి అందిస్తే, గేటు నుంచి గేటు దాకా నడిపిస్తుంది. నోరు తిరగని రోజు తెరమీద ఆప్షన్ నొక్కినా ఒప్పుకుంటుంది. ప్రోగ్రాంని ఒకసారి కొనుక్కోవాలి. మామూలు గొంతులు దాంతోనే వస్తాయి, మనిషి గొంతులా వినపడే ప్రీమియం గొంతులకి వేరే డబ్బు. ఇక్కడ నా సలహా: ముందు మామూలు గొంతులతో నెల రోజులు ఎగరండి. ప్రీమియం గొంతు ఒకసారి వింటే వెనక్కి రావడం కష్టం. ఫిల్టరు కాఫీ అలవాటయ్యాక ఇన్‌స్టంట్ తాగలేనట్టు.

సేఇంటెన్షన్స్‌ది చందా పద్ధతి. పనంతా ఇంటర్నెట్ మీద ఎక్కడో సర్వర్లలో జరుగుతుంది. మైక్రోసాఫ్ట్ సిమ్‌తో పాటు ఎక్స్-ప్లేన్‌కి కూడా పనికొస్తుంది. వీఎఫ్ఆర్ దీని బలం. చిన్న సెస్నాలో ఎయిర్‌పోర్టు చుట్టూ సర్క్యూట్లు కొట్టాలన్నా, దారిలో మనసు మారి వేరే చోట దిగాలన్నా, మామూలు మాటల్లో చెప్పుకోవచ్చు. వెనక లాంగ్వేజ్ మోడల్ ఉంది కాబట్టి ఎదురు ప్రశ్నలు వేయొచ్చు, సాయం అడగొచ్చు. ఒంటరిగా రాత్రిపూట ఎగిరేవాళ్ళకి అదో తోడు.

ఈ రెండిటిలో ఏదని అడిగితే: ఎయిర్‌బస్సో బోయింగో నడుపుతూ ప్లాను ప్రకారం వెళ్ళేవాళ్ళకి బియాండ్ఏటీసీ. చిన్న విమానాలు, ఎక్స్-ప్లేన్, అప్పటికప్పుడు మారే ప్రయాణాలు ఇష్టమైనవాళ్ళకి సేఇంటెన్షన్స్. రెండూ ఇంకా మారుతూనే ఉన్నాయి, ఈ రోజు లేనిది వచ్చే నెల రావచ్చు. అందుకే ఏడాది చందా ఒకేసారి కట్టే పని పెట్టుకోవద్దంటాను. డాలర్లలో బిల్లు, దానిమీద బ్యాంకు వేసే విదేశీ కరెన్సీ ఛార్జీ కలుపుకుని లెక్క చూసుకోండి. హైదరాబాద్‌లో నెట్ బాగానే ఉంటుంది కానీ, మా ఊళ్ళో సాయంత్రం కరెంటు పోతే రౌటరూ పోతుంది. అప్రోచ్ మధ్యలో కంట్రోలర్ మూగబోతే దిక్కుతోచదు.

ఇక చుట్టాల లోపం. మంచితనమే వీళ్ళ లోపం. ఒక ప్రోగ్రాంలో నేను కావాలనే "ఓకే, గోయింగ్ అప్ నౌ" అన్నాను. ఎత్తు చెప్పలేదు, కాల్‌సైన్ (రేడియోలో విమానం పేరు) చెప్పలేదు. ఏ గొడవా లేకుండా తర్వాతి సూచన వచ్చేసింది. ఇంట్లో కూర్చుని ఆడుకునేవాడికి ఇది సౌకర్యం. కానీ 1977 మార్చి 27న టెనెరిఫే ఎయిర్‌పోర్టులో జరిగింది గుర్తుచేసుకోండి. రన్‌వే మీద రెండు జంబో జెట్లు ఢీకొని 583 మంది పోయారు. అక్కడ పైలట్ అన్న అస్పష్టమైన మాటకి కంట్రోలర్ "ఓకే" అని మొదలుపెట్టాడు, మిగతా మాటలు రేడియో కూతలో కలిసిపోయాయి. ఆ తర్వాతే "టేకాఫ్" అనే మాటని క్లియరెన్స్ ఇచ్చేటప్పుడు, దాన్ని తిరిగి చెప్పేటప్పుడు తప్ప వాడకూడదన్న నియమం గట్టిపడింది. అందుకే మనం "రెడీ ఫర్ డిపార్చర్" అంటాం, "రెడీ ఫర్ టేకాఫ్" అనం. మీరు ఎంచుకున్న ప్రోగ్రాం ఈ రెండిటికీ ఒకేలా తలూపుతుంటే, అది మీకు రేడియో నేర్పదు, కబుర్లు నేర్పుతుంది.

మన నాలుకతో వచ్చే చిక్కులు

తెలుగువాళ్ళకి ఒక అదృష్టం ఉంది. అంతర్జాతీయ రేడియో ఉచ్చారణ అమెరికా ఇంగ్లిష్ కాదు. మూడుని "ట్రీ" అనాలి, నాలుగుని "ఫోవర్", ఐదుని "ఫైఫ్", తొమ్మిదిని "నైనర్", వెయ్యిని "టౌసండ్". గరగరమనే రేడియోలో ఫైవ్‌కీ నైన్‌కీ తేడా తెలియదు కాబట్టి ఈ ఏర్పాటు. పళ్ళ మధ్య నాలుక పెట్టి పలికే ఆ ఇంగ్లిష్ ధ్వని మనకి రాదని చిన్నప్పటినుంచి తిట్లు తిన్నాం కదా, ఇక్కడ దాన్ని రూలుబుక్కే తీసి పక్కన పెట్టింది! చిక్కేమిటంటే, మామూలు మాటలకి తయారైన ఇంజిన్ "ట్రీ" అంటే చెట్టు అనుకోవచ్చు. విమానయానం కోసం అమర్చిన ప్రోగ్రాం రెండిటినీ ఒప్పుకోవాలి. ట్రయల్‌లో మొదట చూడాల్సింది ఇదే.

ఆల్ఫా, బ్రావో, చార్లీ అక్షరమాల కూడా మనపక్షమే. వివిధ భాషల వాళ్ళ నోళ్ళలో పరీక్షించి, 1956 మార్చి 1 నుంచి అమల్లోకి తెచ్చారు. మనకి ఇంగ్లిష్‌లోని రెండు వకారాలూ ఒకటే, అయినా విక్టర్‌ని విస్కీ అని ఎవరూ పొరబడరు. మాట మొత్తం వేరు కదా.

మనల్ని నిజంగా దెబ్బతీసేవి వేరే ఉన్నాయి. ఒకటి, మాట చివర అచ్చు తగిలించే అలవాటు. "టర్న్ లెఫ్టు హెడింగ్" అంటాం. ఆ "టు"ని ఇంజిన్ రెండు అనే అంకెగా వింటే హెడింగ్ నాలుగంకెలవుతుంది, పనికిరాదని తోసేస్తుంది. నాకు చాలా రోజులు ఇదే జరిగింది. నవ్వుకునే విషయమే కానీ, నిజం విమానాల్లో ఇదే తికమక ప్రాణాలు తీసింది. 1989 ఫిబ్రవరి 19న కౌలాలంపూర్ దగ్గర ఫ్లయింగ్ టైగర్ 66 అనే సరుకు విమానానికి కంట్రోలర్ 2,400 అడుగులకి దిగమని అంకెలు విడివిడిగా చెప్పాడు. మొదటి "టూ"ని సిబ్బంది ఎత్తులో భాగంగా కాక "దాకా" అనే అర్థంలో విన్నారు. 400 అడుగులే అనుకుని దిగి కొండను ఢీకొన్నారు, విమానంలో ఉన్న నలుగురూ చనిపోయారు. కాబట్టి "లెఫ్ట్" దగ్గర పెదవులు ఆపేయడం ప్రాక్టీసు చేయండి. నేను స్నానాల గదిలో చేశాను, ఇంట్లోవాళ్ళ సంగతి అడగొద్దు.

రెండోది వేగం. నిమిషానికి వంద మాటలకి మించకుండా మాట్లాడమని అంతర్జాతీయ మార్గదర్శకం. మనం ఆటో బేరం ఆడినంత వేగంగా మాట్లాడతాం. అంకెల మధ్య చిన్న విరామం ఇస్తే గుమస్తా తరహా ఇంజిన్లు కూడా సగం తప్పులు మానేస్తాయి. గొంతు పెంచడం వల్ల మాత్రం ఏమీ ఒరగదు. మైకు పగిలినట్టు వినపడి, ఇంకా తప్పుగా వింటుంది.

ఇక కంట్రోలర్ గొంతు మన ఊళ్ళ పేర్లు పలికే తీరు. ఒక ప్రోగ్రాంలో రాజమండ్రిని పలికిన విధానం విని, ఏ దేశానికి దారి తప్పానో అని మ్యాపు చూసుకున్నాను. దీనికి మందు లేదు, అలవాటు పడాలి.

మనుషులతోనే మాట్లాడితే?

వాయిస్ రికగ్నిషన్ కొనబోయే ప్రతివాడూ ముందు ఈ సంగతి తెలుసుకోవాలి: నిజం మనుషులు కంట్రోలర్లుగా కూర్చునే నెట్‌వర్క్‌లు ఉచితంగా ఉన్నాయి. ఐవీఏఓ 1998 నుంచి, వాట్‌సిమ్ 2001 నుంచి నడుస్తున్నాయి. వాట్‌సిమ్‌లో చేరడానికి 13 ఏళ్ళు నిండాలి, ఎగరడానికి ముందు చిన్న పరీక్ష రాయాలి. మైక్రోసాఫ్ట్ సిమ్‌కి వీపైలట్, ఎక్స్-ప్లేన్‌కి ఎక్స్‌పైలట్ అనే ప్రోగ్రాంలతో కలుస్తారు. మాట్లాడటం తప్పనిసరి కాదు. మీరు విని, జవాబు టైపు చేస్తానని ఫ్లైట్ ప్లానులోనే చెప్పొచ్చు. మొదటి పది ఫ్లైట్లు నేను అలాగే వెళ్ళాను. కంట్రోలర్లూ స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళే, కొత్తవాణ్ణని చెబితే మెల్లగా మాట్లాడతారు.

మనకున్న ఇబ్బంది టైము. యూరప్‌లో సాయంత్రం పూట నెట్‌వర్క్ కిటకిటలాడుతుంది, అప్పుడు మనకి అర్ధరాత్రి. మన ఆకాశంలో కంట్రోలర్లు ఉండేది ఈవెంట్ రోజుల్లో, ఇంకా అప్పుడప్పుడు. ఎవరూ లేకపోతే 122.800 ఫ్రీక్వెన్సీ మీద మన కదలికలు మనమే చెప్పుకుంటూ పోవాలి. పైలట్ఎడ్జ్ అని ఇంకోటుంది. డబ్బు కట్టాలి, కంట్రోలర్లు జీతం మీద పనిచేస్తారు, అమెరికా పశ్చిమ ప్రాంతమే ప్రధానం. డాలస్‌లోనో కాలిఫోర్నియాలోనో ఉంటూ నిజంగా ప్రైవేట్ పైలట్ శిక్షణ తీసుకుంటున్న తెలుగు కుర్రాళ్ళకి ఇది సరిగ్గా సరిపోతుంది. ఇక్కడ ఉన్నవాళ్ళకి అక్కడి పగలు మన రాత్రి, రోజూ కుదరదు.

సాఫ్ట్‌వేర్ మనిషికి ప్రత్యామ్నాయం కాదు. ఒక్క విషయంలో మాత్రం సాఫ్ట్‌వేరే మేలు: మొహమాటం. ఫ్రీక్వెన్సీ మీద పదిమంది వింటుంటే గొంతు తడారిపోయే మనిషిని నేను. యంత్రం ముందు వందసార్లు తప్పు చెప్పినా పరువు పోదు. ఆ టెన్షన్ తగ్గాక మనుషుల దగ్గరికి వెళ్ళాను.

పైలట్ చదువు చదివేవాళ్ళకి

మా పిన్ని కొడుకు కమర్షియల్ పైలట్ లైసెన్సుకి చదువుతున్నాడు. దానికి రేడియో టెలిఫోనీ లైసెన్సు, అందరూ ఆర్‌టీఆర్ అనేది, కావాలి. ఇంతకాలం ఆ పరీక్ష టెలికాం శాఖ చేతిలో ఉండేది. 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ వాయుయాన్ అధినియమ్ అనే చట్టం దాన్ని పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏకి అప్పగించింది. వాడు సిమ్‌లో మాట్లాడి ప్రాక్టీసు చేస్తానంటే, మాటకారి ప్రోగ్రాం వద్దురా అన్నాను. పరీక్షకి కావాల్సింది నిర్ణీత పదజాలం. అమెరికా పద్ధతి నోటికి అంటుకుంటే వదిలించుకోవడం కష్టం. మనం ఫ్రీక్వెన్సీలో "డెసిమల్" అంటాం, వాళ్ళు "పాయింట్" అంటారు. మనం క్యూఎన్‌హెచ్‌ని (ఎత్తు చూపే మీటరుకి పెట్టుకునే గాలి పీడనం) హెక్టోపాస్కల్స్‌లో చెప్తాం, వాళ్ళు దాన్నే ఆల్టిమీటర్ అని అంగుళాల్లో చెప్తారు. వాళ్ళకి దేశమంతటా 18,000 అడుగుల దగ్గర ఫ్లైట్ లెవెల్స్ (ఎత్తుని వందల అడుగుల లెక్కన చెప్పే పద్ధతి) మొదలవుతాయి, మనకి ఎయిర్‌పోర్టుని బట్టి మారుతుంది. కాబట్టి ప్రోగ్రాం సెట్టింగ్స్‌లో అంతర్జాతీయ పద్ధతి ఉందో లేదో చూసి, దాన్ని ఆన్ చేసి, అప్పుడు మొదలుపెట్టాలి. లేకపోతే చదివింది ఒకటి, నోటికొచ్చింది ఒకటి అవుతుంది.

వాడు చివరికి గుమస్తా తరహాదే తీసుకున్నాడు. మొదటి వారం ఫోను చేసి తిట్టాడు.

కొనేముందు డబ్బు ఖర్చు లేని పని

బ్లూటూత్ ఇయర్‌బడ్స్ వాడకండి. వాటి మైకు ఆన్ అవగానే కనెక్షన్ ఫోన్ కాల్ పద్ధతిలోకి మారి, వచ్చే శబ్దం, పోయే శబ్దం రెండూ నాసిరకం అయిపోతాయి. వైరున్న మామూలు హెడ్‌సెట్ దానికంటే మేలు. సౌండ్ సెట్టింగ్స్‌లో ఆ మైకే డిఫాల్ట్‌గా ఉందో లేదో చూడండి, నా వెబ్‌క్యామ్ కథ మీకు వద్దు. ఫ్యాను కింద కూర్చుంటే మైకుని నోటికి ఎదురుగా కాక బుగ్గ పక్కకి జరపండి. ఎప్పుడూ వింటూ ఉండే పద్ధతి కాకుండా, బటన్ నొక్కితేనే వినేలా పెట్టుకోండి. లేకపోతే వంటింట్లో కుక్కర్ విజిల్ కూడా కంట్రోలర్‌కి వెళుతుంది. జాయ్‌స్టిక్ మీద ఒక బటన్ దానికే కేటాయించి, నొక్కాక అర సెకను ఆగి మొదలుపెట్టండి, మాట పూర్తయ్యాక వదలండి. లేకపోతే కాల్‌సైన్‌లో మొదటి ముక్క తెగిపోతుంది. నిజం రేడియోలోనూ ఇదే మర్యాద.

ఇక ట్రయల్ దొరికిన ప్రతి ప్రోగ్రాంతోనూ ఒకే ఫ్లైట్ వెయ్యండి. నేను హైదరాబాద్ నుంచి విజయవాడ వేస్తాను. చిన్న ప్రయాణం, క్లియరెన్స్ నుంచి లాండింగ్ దాకా అన్నీ వస్తాయి. అందులో నాలుగు పరీక్షలు పెడతాను. స్క్వాక్ కోడ్‌ని ఒకసారి మామూలుగా, ఒకసారి "ట్రీ", "ఫైఫ్"లతో చెప్పడం. ఫ్రీక్వెన్సీలో "డెసిమల్" అనడం. ఇచ్చిన సూచనకి "అన్‌ఏబుల్" (కుదరదు) అని ఎదురు చెప్పి, వేరే దారి చూపిస్తుందో లేదో చూడటం.

నాలుగోదే అసలైనది. ఐదు వేల అడుగులకి ఎక్కమంటే, కావాలని ఆరు వేలని తిరిగి చెప్పండి. ఎత్తు, హెడింగ్, వేగం, రన్‌వే, క్యూఎన్‌హెచ్, స్క్వాక్, ఇవన్నీ పైలట్ తిరిగి చెప్పి తీరాల్సినవి. తప్పు చెబితే దిద్దాల్సింది కంట్రోలర్. "నెగెటివ్" అని ఆపి మళ్ళీ ఐదు వేలని చెప్పిందంటే ఆ ప్రోగ్రాం దగ్గర డబ్బు పెట్టొచ్చు. ఒక్కసారితో తేల్చేయకండి, రన్‌వే నంబరుతోనూ, క్యూఎన్‌హెచ్‌తోనూ మళ్ళీ అలాగే చెయ్యండి. ఎత్తు పట్టుకుని క్యూఎన్‌హెచ్ వదిలేసేవి ఉన్నాయి.

నా దగ్గర ఇప్పుడు రెండు ఉన్నాయి. వారం మధ్యలో, ఆఫీసు నుంచి వచ్చాక బుర్ర పనిచేయని రోజుల్లో, చుట్టం. శనివారం రాత్రి వాట్‌సిమ్‌లో ఈవెంట్ ఉంటే, దానికి ముందు గంటసేపు గుమస్తాతో. నోరు తిరిగాక వాట్‌సిమ్‌కి కనెక్ట్ అవుతాను. ఆ గంటలో మా అమ్మ ఇప్పుడు తలుపు తట్టదు. "వాడు విజయవాడ వెళ్తున్నాడులే" అని పక్కింటావిడకి చెబుతుంది.